లాంతరు పిడి మీద అరిగిన చోటు: ఒక స్టిల్ లైఫ్ కేస్ స్టడీ

పాత తువ్వాలులో చుట్టిన హరికేన్ లాంతరు ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. తెచ్చినావిడ అడిగింది ఒక్కటే. "మా నాయనమ్మదండీ ఇది. గోడకు తగిలించుకునేలా ఒక్క ఫొటో చాలు. తుప్పూ గిప్పూ అన్నీ అలాగే ఉండనివ్వండి, కొత్తదానిలా మెరిపించొద్దు." ప్రింటు సైజు 12 బై 18 అంగుళాలు. తొందరేమీ లేదన్నారు.

ఇలాంటి పని వినగానే స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువుల ఫొటోలు, తీసే నాలాంటివాళ్లకు చేతులు ఊరుకోవు. తుప్పు, పాత పెయింటు, గాజు, మసి ఒకే వస్తువులో దొరకడం మాటలా? ఆ ఉత్సాహమే మొదటి రోజును పాడుచేసింది. ఫొటో చెడిపోయిందని అనను. ఫోకస్ బాగానే ఉంది, ఎక్స్‌పోజర్ బాగానే ఉంది, ఎక్కడైనా పెడితే నాలుగు లైకులు కూడా పడేవి. ఆవిడ దాన్ని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాగుందండీ... కాకపోతే ఇది ఎవరి లాంతరైనా కావచ్చు కదా" అన్నారు. రెండో రోజు పనంతా ఆ మాటకు జవాబు వెతకడంతోనే సరిపోయింది.

ముందు వస్తువు సంగతి. పిడి వాల్చి ఉంచితే సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు, పిడి నిలబెడితే 45. అడుగున గుండ్రటి కిరసనాయిలు ట్యాంకు, దాని మీద వత్తి ఉండే బర్నరు, దాన్ని మూస్తూ గాజు చిమ్నీ, పైన టోపీ. రెండు పక్కలా ట్యాంకు దగ్గర్నుంచి టోపీ దాకా రెండు రేకు గొట్టాలు. చాలామంది ఆ గొట్టాలు పిడిని పట్టుకోవడానికే అనుకుంటారు. అసలు పని వేరు, అవి పైనుంచి గాలిని కిందకి, మంట దగ్గరికి చేరుస్తాయి. గాలివానలో కూడా దీపం ఆరకపోవడానికి కారణం ఆ దారే. 1860లలో జాన్ ఇర్విన్ అనే అమెరికన్ ఈ పద్ధతి కనిపెట్టాడు. ఫొటో తీసేవాడికి దీంతో ఏం పని అంటే, ఆ రెండు గొట్టాలూ చిమ్నీకి ద్వారబంధంలా నిలబడతాయి. లాంతరును కాస్త ఎక్కువ పక్కకు తిప్పితే ఒక గొట్టం గాజుకు అడ్డొస్తుంది, లాంతరు రూపమే పోతుంది. అందుకే ఎంత తిప్పినా ఓ పది, పదిహేను డిగ్రీలకు మించి తిప్పలేదు.

ఒకప్పుడు మొత్తం ఆకుపచ్చ పెయింటు. ఇప్పుడు ట్యాంకు కింది సగం పూర్తిగా తుప్పు, పై సగంలో పెయింటు పొలుసుల్లా లేచి ఉంది. కొన్నిచోట్ల పొలుసు అంచు కాగితం చివరలా పైకి చుట్టుకుంది. చిమ్నీ పైభాగంలో ఒకవైపు మసి.

ఆ మసి విషయంలో నేను చేసిన ఘనకార్యం ఇక్కడే చెప్పేస్తాను. గాజు మీద వేలిముద్రలు ఉన్నాయని, మొదటి రోజు పొద్దున్నే చిమ్నీ తీసి సబ్బునీళ్లతో కడిగేశాను. గ్లాసులు, సీసాలు తీసే అలవాటులో చేసిన పని. తుడిచి వెలుగుకు ఎత్తి చూస్తే అద్దంలా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, "అలాగే ఉండనివ్వండి" అని ఆవిడ చెప్పిన మాట. ఎన్నేళ్ల మసో అది. సింకులో నల్లటి నీళ్లు వెళ్లిపోతుంటే నేనే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు నా దగ్గరికి పాత వస్తువు ఏది వచ్చినా ముందు అన్ని వైపులా ఫోన్‌తో ఫొటోలు తీసి పెడతాను, ఆ తర్వాతే గుడ్డ ముట్టుకుంటాను. ఊదుడు బల్బు, మెత్తటి బ్రష్ దాటి వెళ్లాలంటే యజమానిని అడుగుతాను.

మొదటి రోజు ఫ్రేమ్ ఇలా ఉంది. అడుగున పగుళ్లు పట్టిన చెక్క పలక, దాని మీద గోనెగుడ్డ, పక్కన అట్ట ఊడిన రెండు పుస్తకాలు, తుప్పు పట్టిన తాళంకప్ప, ఒక కళ్లజోడు. పక్క నుంచి గట్టి వెలుగు. లెన్స్ ఎఫ్/22లో, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం బాగా చిన్నది చేసి. ఎడిటింగ్‌లో వివరాలను గట్టిగా చూపించే క్లారిటీ స్లైడర్ ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెక్క గరుకు, గోనె గరుకు, తుప్పు గరుకు. పదిమంది ఒకేసారి మాట్లాడే గదిలో ఎవరి మాట వినబడుతుంది? పైగా చెక్క గీతలు లాంతరు తుప్పు కంటే పెద్దవి, స్పష్టమైనవి. కన్ను ముందు అటే పోతుంది. గరుకైన వస్తువును గరుకైన నేల మీద పెడితే రెండింటి గరుకూ తగ్గినట్టే కనిపిస్తుంది. గరుకు తెలియాలంటే పక్కన నునుపు ఉండాలి.

ఎఫ్/22 సంగతి కూడా. అన్నీ ఫోకస్‌లో ఉండాలనే ఆశతో ఎపర్చర్‌ను (ఆ రంధ్రాన్ని) అంత చిన్నది చేస్తే, డిఫ్రాక్షన్ వల్ల, అంటే రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి చెదరడం వల్ల, సన్నటి వివరాలు మెత్తబడతాయి. నేను టెక్స్చర్ (ఉపరితలపు గరుకు, నునుపు) కోసమే వెళ్లి, లెన్స్ దగ్గరే దాన్ని పోగొట్టుకుని, దాన్ని మళ్లీ క్లారిటీతో తెచ్చుకోబోయాను. వచ్చింది టెక్స్చర్ కాదు, అంచుల చుట్టూ మురికి రింగులు.

ఆవిడ మాట విన్న రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి లాంతరును ఒంటరిగా పెట్టి, చేతిలో చిన్న టార్చి పట్టుకుని దాని చుట్టూ తిరిగాను. ఇది నాకు పాత అలవాటే, ఆ రోజు మాత్రం బద్ధకించాను. టార్చిని వస్తువు ఉపరితలానికి దాదాపు ఆనించి, వెలుగు దాని మీద జారేలా పట్టుకుని, నిదానంగా కదపాలి. ఎదురుగా పట్టుకుంటే తుప్పు ఒక చదునైన గోధుమ రంగు మచ్చ. అదే టార్చిని పక్కకు దించి పది, పదిహేను డిగ్రీల వాలుకు తెస్తే ప్రతి పొలుసు వెనకా ఒక నీడ లేస్తుంది. మనం టెక్స్చర్ అని పిలిచేది ఆ చిన్న చిన్న నీడల గుంపునే. వస్తువు మారలేదు, నీడలు పొడవయ్యాయి, అంతే.

అలా తిప్పుతూ పిడి దగ్గరికి వచ్చాను. పిడి అంటే లావుపాటి ఇనుప తీగ, విల్లులా వంచి ఉంటుంది. కొక్కేనికి తగిలించడానికి నడుమ చిన్న వంపు. తీగంతా తుప్పే, వేలు పెడితే గరగరలాడుతుంది. ఆ వంపుకు అటూ ఇటూ కలిపి ఓ నాలుగు వేళ్ల వెడల్పున మాత్రం తుప్పు లేదు. ఇనుము నల్లగా, నునుపుగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. నా చెయ్యి అక్కడ పెడితే సరిగ్గా సరిపోయింది.

ఆ తర్వాత మిగతావీ కనిపించడం మొదలెట్టాయి. వత్తి తిప్పే చిన్న చక్రం అంచు మీద పూత పోయి పచ్చటి ఇత్తడి బయటపడింది. ట్యాంకు మూత పళ్లు అరిగాయి. చిమ్నీని పైకి లేపే మీట చివర, బొటనవేలు పడేంత మేర, పెయింటు లేదు, తుప్పూ లేదు. తుప్పు గాలీ తేమా కలిసి చేసిన పని. ఏ లాంతరును మూల పడేసినా పడుతుంది. ఈ నునుపు మాత్రం ఒక మనిషి చెయ్యి చేసింది. పాతదనానికి రెండు టెక్స్చర్లు ఉంటాయని, నేను మొదటి రోజంతా ఒకదాన్నే తీశానని అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఫోన్ చేసి, పిడి గురించి అడిగాను. "రాత్రి పడుకునే ముందు తలుపులన్నీ వేసి చూసొచ్చేదండీ, ఇది పట్టుకునే" అన్నారు ఆవిడ. మసి కడిగేసిన సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. కాస్త నిశ్శబ్దం. "వెలిగిస్తే మళ్లీ వస్తుందిలెండి" అన్నారు. నాకున్న టెన్షన్‌లో ఆ ఆలోచనే రాలేదు.

ఇక కూర్పు. అరిగిన చోట్లే ఫొటోకి ప్రాణం అనుకుంటే, వాటిలో పెద్దది పిడి మీద ఉంది. లాంతరును టేబుల్ మీద పెడితే పిడి వెనక్కో ముందుకో వాలిపోతుంది, అరిగిన భాగం కనిపించదు. నైలాన్ దారంతో పిడిని నిలబెట్టి చూశాను. కుదిరింది కానీ ఏదో అబద్ధంలా ఉంది. పిడి తనంతట తాను నిలబడదని చూసేవాడి కంటికి తెలుసు, ఎందుకు తేడాగా ఉందో చెప్పలేకపోయినా తెలుసు. అరగంట ఆ దారంతో కుస్తీ పట్టాక తోచింది, వేలాడదీస్తే సరి కదా అని.

రెండు స్టాండ్ల మధ్య ఒక కడ్డీ, కడ్డీకి ఇనుప కొక్కెం, కొక్కేనికి లాంతరు. బరువుకి పిడి సాగి నిటారుగా నిలిచింది, అరిగిన చోటు ఫ్రేమ్ పైభాగంలోకి వచ్చి కూర్చుంది. చెక్క, గోనె, పుస్తకాలు అన్నీ వాటంతటవే ఫ్రేమ్‌లోంచి పోయాయి, నేల అనేదే లేదు కాబట్టి. తర్వాత పడిన ఇబ్బందులన్నీ ఈ ఒక్క నిర్ణయం వల్లే వచ్చాయి, అయినా ఈ కేసులో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదే.

మొదటి ఇబ్బంది ఊగడం. వేలాడే లాంతరు ఊపిరి తగిలినా కదులుతుంది, ఎక్స్‌పోజర్ దాదాపు ఒక సెకను. వెనక నుంచి ఒక సన్నటి నల్ల కడ్డీని ట్యాంకు అడుగుకు ఆనించి ఊగడం ఆపాను. కెమెరాకు ఆ కడ్డీ కనిపించదు. ఫ్యాన్ ఆపి, కెమెరాకు టైమర్ పెట్టి, ప్రతి క్లిక్ ముందూ నిమిషం ఆగాల్సి వచ్చింది. ఫ్లాష్ వాడితే ఈ బాధ ఉండదు. నేను ఎల్‌ఈడీ లైటే వాడాను, ఎందుకంటే ఇలాంటి పనిలో లైటు అంగుళం జరిపితే నీడ ఎలా మారుతుందో కళ్లతో చూస్తూ జరపాలి.

వెలుగు ఎక్కడ పెట్టాలన్నది అసలు పని. గుండ్రటి ట్యాంకు మీద టెక్స్చర్ అంతటా ఒకేలా కనిపించదు. లైటుకు ఎదురుగా ఉన్న భాగం చదును, అవతలి భాగం చీకటి. మధ్యలో వెలుగు నీడలోకి జారిపోయే సన్నటి పట్టీ ఉంటుంది చూడండి, పొలుసులన్నీ లేచి కనిపించేది అక్కడే. లైటు సరిగ్గా పక్క నుంచి, తొంభై డిగ్రీల్లో వస్తే ఆ పట్టీ కెమెరాకు నడిమధ్య పడుతుంది. లైటును ఇంకొంచెం వెనక్కి జరిపితే పట్టీ లైటు వైపుకు జరుగుతుంది. నాకు నడుమ వద్దు, అక్కడ వత్తి చక్రం ఉంది, దానికి వేరే వెలుగు కావాలి. లైటును ఎడమవైపు పెట్టి, లాంతరు కంటే కాస్త వెనక్కి లాగాను. పట్టీ ట్యాంకు ఎడమ మూడో వంతులో పడింది. లైటు లెన్స్‌లోకి కొట్టకుండా మధ్యలో ఒక నల్ల అట్ట.

అయితే గరుకును చూపించే ఈ జారుడు వెలుగు నునుపును చూపించదు. మెరిసే ఇనుము చిన్న అద్దం లాంటిది. తన ఎదురుగా ఏది ఉంటే దాన్నే చూపిస్తుంది. ఎదురుగా చీకటి గది ఉంటే నల్లగా ఉంటుంది. నా మొదటి టెస్ట్ ఫ్రేముల్లో తుప్పు అద్భుతంగా ఉంది, పిడి మీది నునుపు భాగం మాత్రం అసలు లేనట్టే ఉంది. ఏ భాగం కోసం లాంతరును వేలాడదీశానో అదే మాయమైంది.

దానికి తెల్ల అట్ట చూపించాలి. ఇందులో ఒక సౌకర్యం ఉంది. నునుపు భాగం అట్ట తెలుపును ఉన్నదున్నట్టు తిరిగి కెమెరాకు పంపిస్తుంది. తుప్పు అలా కాదు, అట్ట నుంచి తన మీద పడిన కొద్దిపాటి వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టేస్తుంది. కాబట్టి మసక వెలుగులో ఉన్న అట్ట కూడా నునుపును మెరిపిస్తుంది, తుప్పు నీడలను మాత్రం పెద్దగా చెరపదు. రెండూ ఒకే ఫ్రేమ్‌లో బతకడానికి దారి ఇదే.

అట్టను ఎడమ ముందు మూలలో పెట్టాను. వత్తి చక్రం అంచు మెరిసింది, మీట చివర మెరిసింది. పిడి పైభాగం కదల్లేదు. అట్టను దగ్గరికి జరిపాను, పెద్ద అట్ట తెచ్చాను, దాని మీద ఇంకో లైటు కూడా వేశాను. ఏం లేదు. ఓ ఇరవై నిమిషాలు అయ్యాక కెమెరా వెనక నుంచి లేచి, లెన్స్ ఉన్న చోట నా కన్ను పెట్టి, చేతిలో తెల్ల కాగితం పట్టుకుని అటూ ఇటూ ఆడించాను. కాగితం నా తల మీదికి వెళ్లినప్పుడు తీగ మీద తెల్లటి గీత టక్కున వెలిగింది. విషయం తేలిపోయింది. పైన తీగ అడ్డంగా ఉంది. అడ్డంగా ఉన్న గుండ్రటి తీగ పక్కన ఉన్నవాటిని చూపించదు, పైనా కిందా ఉన్నవాటిని చూపిస్తుంది. పక్కన అట్ట ఎంత పెద్దదైతే ఏం లాభం? అట్టను లెన్స్‌కు పైన, ముందుకు వాల్చి కట్టాను. నాలుగు వేళ్ల వెడల్పున ఒక సన్నటి వెండి గీత వచ్చింది, వచ్చి, తుప్పు మొదలైన చోట అటూ ఇటూ చటుక్కున ఆగిపోయింది. ఈ ఫొటోలో నాకు ఇప్పటికీ ఇష్టమైనది ఆ గీత ఆగిపోయే చోటే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక క్యాప్సికమ్‌ను తగరపు గరాటు లోపల పెట్టి ఫొటో తీశాడు. గరాటు గోడలే చుట్టూ నుంచి వెలుగును తిప్పి కొట్టాయి. వస్తువు మీద పడే వెలుగుతో పాటు, వస్తువు ఎదురుగా ఏముందన్నది కూడా లైటింగేనని అది గుర్తు చేస్తుంది. నాకు మాత్రం ఇరవై నిమిషాలు వృథా అయ్యాక గుర్తొచ్చింది.

గాజుతో గొడవ ఇంకో రకం. గాజుకు తనదంటూ రంగు లేదు, అంచులు కనిపిస్తేనే గాజు ఉన్నట్టు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందు అంచులు తెల్లగా వెలగాలి, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందు నల్లగా కనిపించాలి. నా గోడ చీకటిగా ఉంది. లైటు నుంచి లాంతరుకు 60 సెంటీమీటర్లు, గోడకు 180. దూరం మూడింతలైతే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది, అంటే మూడు స్టాపుల పైనే (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). పైగా లైటు ముఖం గోడ వైపు లేదు. కాబట్టి చిమ్నీ ఎడమ అంచు ప్రధాన లైటుకే వెలిగింది. కుడి అంచు కోసం వెనక కుడివైపు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున తెల్ల అట్ట ముక్క నిలబెట్టాను. వెడల్పు ఎక్కువైతే అంచు లావై ప్లాస్టిక్‌లా ఉంటుంది. అంతవరకు బానే ఉంది.

కానీ మసి? నల్లటి గోడ ముందు నల్లటి మసి ఎలా కనిపిస్తుంది? అంచుల కోసం చీకటి కావాలి, మసి కోసం వెలుగు కావాలి. గోడ మొత్తాన్ని వెలిగిస్తే అంచులు పోతాయి. చివరకు చిమ్నీ పై సగం వెనక మాత్రం గోడ మీద ఒక పళ్లెమంత మసక వెలుగు వేశాను, చుట్టూ మెల్లగా చీకట్లో కలిసిపోయేలా. దీనికి చిన్న లైటు ముందు నల్ల కాగితం గొట్టం చుట్టితే చాలు. ప్రధాన వెలుగు కంటే రెండు స్టాపులు తక్కువ. మసి ఆ వెలుగు ముందు పొగలా విచ్చుకుంది. అనుకోకుండా ఇంకో లాభం కూడా కలిగింది. దీపం వెలిగించకపోయినా, ఒకప్పుడు ఇక్కడ వెలుగు ఉండేదన్న ఊహ ఆ మసక వెలుగుతో వచ్చింది.

ఆ మసి ఎక్కడిదంటారా, ఆవిడ చెప్పినట్టే మళ్లీ పట్టించాను. బయట, గాలి తగిలే చోట, కొత్త కిరసనాయిలు పోసి వెలిగించాను. వెలిగించగానే చల్లటి గాజు లోపల ఆవిరి పట్టింది. మంటలోంచి వచ్చే నీటి ఆవిరే అది, గాజు వేడెక్కాక తనే పోతుంది. తర్వాత వత్తిని కావాలనే ఎక్కువ పైకి తిప్పాను. మంటకు చాలినంత గాలి అందక, పూర్తిగా కాలని కార్బన్ మసిగా గాజుకు పట్టింది. వత్తి చివర వంకరగా ఉండడంతో మంట ఒకవైపు కొమ్ములా లేచింది, మసి కూడా ఆ వైపే ఎక్కువ పట్టింది. పాత మసి కూడా ఒకవైపే ఉండేదని చెప్పాను కదా, ఆ వత్తిని అలా వదిలేసింది ఆవిడ నాయనమ్మగారే కావచ్చు. చల్లారేదాకా గాజును ముట్టుకోలేదు.

ఇది మోసమా అని నన్ను నేను అడిగాను. నల్ల పౌడరు అద్ది ఉంటే మోసం అనేవాణ్ని. తన వత్తి నుంచి తన గాజుకు తన పద్ధతిలో పట్టిన మసి, యజమానికి తెలిసి పట్టించినది. నాకు సర్దుకుంది. మీకు సర్దుకోకపోతే తప్పు పట్టను.

వెలిగించిన దీపంతో కూడా ఓ పది ఫ్రేములు తీశాను. చూడ్డానికి హాయిగా ఉన్నాయి. కానీ మంట ఉన్న ఫ్రేమ్‌లో కన్ను మంట దగ్గరే కూర్చుంటుంది, పిడి దాకా పోదు. కిరసనాయిలు దీపం వెలుగు, రంగు కొలతలో సుమారు 1900 కెల్విన్, బాగా పసుపు. పగటి వెలుగు లాంటి ఎల్‌ఈడీ పక్కన పెడితే తుప్పు నారింజ రంగు అంతా ఆ పసుపులో కరిగిపోయింది. పక్కన పెట్టేశాను.

కెమెరా వివరాలు తొందరగా చెప్పేస్తాను. ఫుల్ ఫ్రేమ్, 100 ఎంఎం మాక్రో లెన్స్, 1.8 మీటర్ల దూరం, ఎఫ్/11, ఐఎస్‌ఓ 100. దగ్గరగా 35 ఎంఎంతో తీస్తే ట్యాంకు ఉబ్బి, టోపీ చిన్నదై బొమ్మలా ఉంటుంది, అందుకే దూరం. ఆ దూరంలో ఎఫ్/11కి ఫోకస్ లోతు లెక్క ప్రకారం 20 సెంటీమీటర్లు దాటుతుంది, లాంతరు మందం అంతకంటే తక్కువ. ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు చోట్ల ఫోకస్ పెట్టి తీసిన ఫ్రేములను కలపడం) చేద్దామని మొదలెట్టి, రెండో ఫ్రేమ్‌కే లాంతరు వెంట్రుకవాసి తిరగడం చూసి మానేశాను. ఫోకస్ పిడికి కాస్త ముందు పెట్టాను, వత్తి చక్రం ముందుకు ఉంటుంది కాబట్టి. కెమెరా ఎత్తు బర్నరుకు సమంగా. దానివల్ల ట్యాంకు పైభాగం సన్నటి కంటి ఆకారంలో విచ్చుకుంది, టోపీ అడుగు కొంచెం కనిపించింది. కెమెరా ఇంకా పైకెత్తితే పై నుంచి చూస్తున్నట్టై లాంతరు బరువు పోయింది. వేలాడే వస్తువుకు కింద ఖాళీ ఎక్కువ ఉండాలని నా నమ్మకం. పైన ఐదారు సెంటీమీటర్లు, కింద దానికి రెట్టింపు వదిలాను. లాంతరు నడుమకు కాస్త కుడిగా ఉంది. ఫ్రేమ్‌ను మూడు వంతులు చేసే గీత మీద సరిగ్గా పెట్టి చూశాను, పడిపోతున్నట్టు అనిపించింది.

పోలరైజర్ అనే ఫిల్టరు గురించి ఒక్క మాట. గాజు మీదా పెయింటు మీదా గ్లేర్ తగ్గిస్తుంది కదా అని పెట్టాను. తగ్గించింది. కానీ పెయింటు పొలుసుల అంచున ఉండే చిన్న మెరుపులు కూడా తీసేసింది, పొలుసులు తడి మట్టిలా అయిపోయాయి. వట్టి లోహం మీద దానికి పెద్దగా పని లేదు. తీసి సంచీలో వేశాను.

ఎడిటింగ్‌లో ఈసారి చేతులు కట్టుకున్నాను. నారింజ రంగు కొంచెం దించాను, ఎందుకంటే ఈ ఫ్రేముల్లో తుప్పు ఉన్నదానికంటే ఎర్రగా వచ్చింది. పిడి గీతకు చుట్టూ ఉన్న తుప్పును అరస్టాపు ముదురు చేశాను. బ్లాక్ అండ్ వైట్ కూడా ప్రయత్నించాను. మామూలుగా మార్చితే ఆకుపచ్చ, తుప్పు రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోయాయి, పొలుసు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఎరుపును పెంచి ఆకుపచ్చను దించితే విడిపోయాయి గానీ తుప్పు సున్నంలా తెల్లబోయింది. ఈ వస్తువులో పెయింటునూ తుప్పునూ వేరుచేసేది రంగే, వెలుతురు తేడా కాదు. కలర్‌లోనే ఉంచాను. దుమ్ము మచ్చల్లో సెన్సర్ మీదివి తీసేశాను, లాంతరు మీదివి వదిలేశాను. కొన్నిచోట్ల ఏది దేనిదో తేల్చుకోవడానికి పక్క ఫ్రేముతో పోల్చాల్సి వచ్చింది.

12 బై 18 అంగుళాలు, అంగుళానికి 300 చుక్కలు అంటే 3600 బై 5400 పిక్సెళ్లు. క్రాప్ లేకుండా సరిపోయింది. ప్రింటు ముందు గ్లాసీ కాగితం మీద చూశాను, కాగితం మెరుపే తుప్పు మీదికి వచ్చి కూర్చుంది. మ్యాట్ కాటన్ కాగితం మీద నీడలు కొంచెం తేలిపోయాయి, అందుకని ఆ ప్రింటుకు నీడలను ఇంకాస్త ముదురు చేసి ఫైలు వేరేగా సిద్ధం చేయాల్సి వచ్చింది. మూడో ప్రింటు కుదిరింది.

ఆవిడ వచ్చి ప్రింటును టేబుల్ మీద పెట్టుకుని చూశారు. ఈసారి మాట్లాడకుండా ఉన్నది ఇంకాస్త ఎక్కువసేపే. తర్వాత లాంతరును తీసుకుని, పిడి దగ్గర పట్టుకుని, వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకున్నారు. "నాకంటే చెయ్యి పెద్దది ఆవిడది" అన్నారు.

ఒక లోపం మిగిలింది. ట్యాంకు మూత ఇత్తడిది, అరిగి బాగా మెరుస్తుంది, గుండ్రంగా ఉంటుంది. ప్రింటు ఇచ్చేశాక స్క్రీన్ మీద రెండు వందల శాతం పెంచి చూస్తే, దాని మీద గోరంత మేర నా ట్రైపాడ్ కాళ్లు మూడూ, వాటి పక్కన వంగి నిలబడ్డ నా ప్రతిబింబమూ కనిపించాయి. ఆవిడకు చెప్పాను, మార్చి ఇంకో ప్రింటు ఇస్తానన్నాను. "ఉండనివ్వండి" అన్నారు.